అడంగల్లోకెక్కిన ఆట

కలెక్టరు దొరగారు సెలవు మీద ఇంగ్లండు సీమకు వెళ్లి, వెళ్లిన దారినే తిరిగిరాకుండా అమెరికా మీదుగా చుట్టుతిరిగి రావడమే దీనికంతటికీ మూలం. దొరలు చుట్టుతిరిగి వచ్చేటప్పుడు ఉత్తచేతులతో రారు. ఇదివరకు ఒకాయన గులాబీ అంట్లు తెచ్చారు, ఇంకొకాయన చెవులు నేలకు రాసే కుక్కను తెచ్చారు. వాటివల్ల జిల్లాకు పెద్దగా నష్టం జరగలేదు. ఈయన బంతి తెచ్చారు.

పోనీ అది బంతిలా గుండ్రంగా ఉందా అంటే అదీ లేదు. తోలుతో కుట్టి, రెండు కొసలూ మొనదేలి, ముదిరిన దోసకాయలా ఉంది. దానితోపాటు ఒక నిబంధనల పుస్తకం. అమెరికాలో పెద్దమనుషులు క్లబ్బులు పెట్టుకుని, చలికాలమంతా పదకొండేసి మంది చొప్పున రెండు పక్షాలుగా చేరి, ఈ తోలుకాయ కోసం ఒకరి మీద ఒకరు పడి దొర్లుతారట. దాన్ని సీజను అంటారట. ఆ దేశం అంత బాగుపడడానికి అదే కారణమని దొరగారికి గట్టి నమ్మకం కుదిరింది. నమ్మకం కుదిరిన దొర ఊరుకుంటాడా? జిల్లాలోని ప్రతి తాలూకాలోనూ ఒక ఫుట్‌బాలు క్లబ్బు స్థాపించి, ఫసలీ 1303లో, అంటే ఆ రెవెన్యూ సంవత్సరంలో, డిసెంబరు ఆఖరులోగా, ఒక సీజను పూర్తిచేసి నివేదిక పంపవలసిందని తాకీదు జారీ అయింది.

తక్కిన తాలూకాల తాసిల్దార్లు బతకనేర్చినవాళ్లు. సీజను దివ్యంగా జరిగిందని నివేదిక రాసి, సంతకం పెట్టి, చేతులు దులుపుకున్నారు. వేములబండ తాసిల్దారు మంత్రిప్రగడ భుజంగరావు పంతులుగారు మాత్రం పరమ నిజాయితీపరుడు. కొత్త తాకీదు ఒకటి నిజాయితీపరుడి చేతికి చిక్కితే ఏమవుతుందో ఆ తాలూకాలో చుండూరి మాలకొండయ్యకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

మాలకొండయ్యకు కచేరీకి తూర్పున ఎకరం ఇరవై సెంట్ల నల్లరేగడి చేను ఉండేది. ఒకప్పుడు అది ఉత్త రాళ్లగుట్ట. వాళ్ల తాత ముప్ఫయ్యేళ్లు రాళ్లేరి గట్టున కుప్పపోశాడు. తండ్రి ఎత్తుపల్లాలు సరిచేశాడు. మాలకొండయ్య ఏటా గుంటక తోలి, పళ్లెంలో నీళ్లు పోసినా ఒక పక్కకు ఒరగనంత చదును చేశాడు. ఆ చదును చూసుకుని ఆయనకు కాస్త గర్వం కూడా ఉండేది. ఆశ్వయుజంలో వాన పడింది, నేల పదునుకొచ్చింది, జొన్న విత్తనాలు కుండలో సిద్ధంగా ఉన్నాయి. తెల్లవారితే గొర్రు కడదామనుకున్న రోజున తాసిల్దారుగారు పుస్తకం చంకన పెట్టుకుని గట్టు మీదికి వచ్చారు.

నూట పది గజాల పొడవు, యాభైమూడు గజాల వెడల్పు, రాయీ రప్పా లేని చదునైన నేల కావాలని పుస్తకంలో ఉంది. కరణం వల్లభయ్య గొలుసు వేసి కొలిస్తే చేను ఆ లెక్కకు ఇంచుమించు అతికినట్టు సరిపోయింది. ఇంత చదునైన నేల తాలూకా మొత్తంలో ఇంకెక్కడా లేదని తాసిల్దారుగారు మాలకొండయ్యను మనస్ఫూర్తిగా మెచ్చుకుని, దాన్ని అక్కడికక్కడే క్లబ్బు కిందికి తీసుకున్నారు. సాయంత్రానికి రెండు కొసలా రెండేసి గుంజలు పాతి, వాటి నడుమ అడ్డకొయ్యలు బిగించారు. అయిదేసి గజాలకు ఒక సున్నపు గీత చొప్పున గీశారు. మాలకొండయ్య గట్టు మీద రాళ్లకుప్ప పక్కన చతికిలబడి, విత్తనాల కుండను ఒళ్లో పెట్టుకుని, ఆ గీతలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఇరవైరెండు మడులయ్యాయి.

మర్నాడు అర్జీ పట్టుకుని కచేరీకి వెళ్లాడు. తాసిల్దారుగారు దాన్ని ఆమూలాగ్రం చదివి, తల పంకించి, సెలవిచ్చారు.

"మీ దరఖాస్తు మాకు అందినది. అందలి అంశములు సత్యదూరములు కావు. విచారణ జరుగును. విచారణ ముగియు పర్యంతము మీరు ప్రతి మంగళ శనివారములు హాజరు కావలెను."

"హాజరై ఏం చెయ్యాల బాబూ?"

"ఆడవలెను."

సంగతేమిటంటే, పుస్తకం ప్రకారం రెండు పక్షాలు కావాలి. కచేరీ పక్షానికి గుమాస్తాలూ బంట్రోతులూ కలిసి పదకొండుమంది లెక్కకు వచ్చారు. ఎదుటి పక్షానికి మనుషులను ఎక్కడినుంచి తేవడం అని తాసిల్దారుగారు తల పట్టుకున్నారు. తల ఎత్తి చూస్తే కచేరీ వసారాలో అర్జీదార్లు కూర్చుని ఉన్నారు. ఏళ్ల తరబడి అక్కడే కూర్చుని ఉన్నారు. దున్నపోతు తగాదా పేరయ్య ఏడేళ్లుగా ఉన్నాడు, ఆయన ఆ వసారాలోనే ముసలివాడయ్యాడు. ఎలాగూ వచ్చి కూర్చునేవాళ్లే గనక, వాళ్లలోంచి పదకొండుమందిని అర్జీదార్ల పక్షంగా నియమించారు. నలభై దాటనివాడు మాలకొండయ్య ఒక్కడే.

పుస్తకం తాసిల్దారుగారు మూడు రోజులు చదివారు. మొదటిరోజు ఏమీ అర్థం కాలేదు. రెండోరోజు అనుమానం తగిలింది. మూడోరోజు కరణాన్ని పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. హద్దులున్న నేల ఒకటి ఉంది. ఒక పక్షం అందులో ముందుకు చొరబడుతుంది, రెండో పక్షం అడ్డుపడుతుంది. అయిదు గజాలు జరగడానికి మూడు వాయిదాలు ఇస్తారు, మూడో వాయిదాకూ జరగకపోతే హక్కు ఎదుటివాడికి పోతుంది. నడుమ ఒక అధికారి నిలబడి తీర్పు చెబుతాడు. దీన్ని ఆట అంటారేమిటయ్యా అని ఆయన కరణాన్ని అడిగారు. ముప్ఫయ్యేళ్లుగా మనం చేస్తున్న ఉద్యోగం ఇదే కదా అని కరణం ఒప్పుకున్నాడు.

అక్కడినుంచి తాసిల్దారుగారికి ఎదురులేకపోయింది. బంతి పట్టుకుని అయిదు గజాలు ముందుకు పోయినవాడు ఆ అయిదు గజాలకూ స్వాధీనదారు. స్వాధీనంలో ఉండి రికార్డులో లేనివాడు ఆక్రమణదారు. తన ఎదుట, తన కచేరీ పక్కన, తాను స్థాపించిన క్లబ్బులో ఆక్రమణ జరగనివ్వడానికి ఆయన ఒప్పుకుంటారా? కాబట్టి ఏ రోజు గెలిచిన నేలను ఆ రోజే అడంగల్లో ఎక్కించాలని ఉత్తర్వు రాశారు. అడంగలంటే ఏ నేల ఎవరి చేతిలో ఉంది, అందులో ఏం పండుతోంది అని కరణం రాసే పుస్తకం. అందులో స్వాధీనదారు గడిలో మనిషి పేరే ఉండాలి, పక్షం పేరు రాయడానికి వీల్లేదు. అందుచేత బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పేరు రాయాలని తేల్చారు. ఆట మధ్యలోంచి మొదలుపెట్టమని పుస్తకంలో ఉందిగానీ, హద్దురాయి లేనిచోటునుంచి ఏ కొలతా మొదలుపెట్టకూడదని ఆయన దాన్ని సవరించారు. ఊరివైపు గట్టునుంచి మొదలుపెట్టి కచేరీవైపు గట్టుదాకా పోవాలి.

మొదటి మంగళవారం ఆట చూడడానికి ఊరంతా వచ్చింది. తాసిల్దారుగారు చెట్టుకింద కుర్చీలో కూర్చున్నారు. బంతిని మడిపంచెతో ముట్టుకోవచ్చా, ముట్టుకుంటే స్నానం చెయ్యాలా అని గుమాస్తాలు ఒక దరఖాస్తు పెట్టుకోగా, అది తోలు గనక గుమాస్తాలు మనుషులను మాత్రం ముట్టుకోవచ్చుననీ, బంతిని బంట్రోతులు ముట్టుకుంటారనీ తీర్పయింది. అర్జీదార్ల పక్షాన బంతి మోసే పని ఒక్కొక్కరూ తప్పించుకోగా మాలకొండయ్యకు పడింది. విత్తనాల సంచీలా దాన్ని చంకన ఇరికించుకుని, ఎద్దును అదిలించినట్టు తనను తాను అదిలించుకుని బయల్దేరాడు. కచేరీ పక్షాన బంట్రోతుల పెద్ద, దఫేదారు మస్తాను సాహెబు ఉన్నాడు, తలుపంత మనిషి. ఆయన్ను గుద్దుకుని మాలకొండయ్య వెల్లకిలా పడ్డాడు. వెంటనే ఆట ఆగింది. కరణం గొలుసు వేశాడు. గజమున్నర. జరిగిందంతా మహజరుగా రాసి, రెండు పక్షాలకూ చదివి వినిపించి, సంతకాలు చేయించారు. సంతకం రాని అర్జీదార్లు నాగలి బొమ్మ గీశారు. దీనికి అరగంట పట్టింది.

రెండో వాయిదాలో మాలకొండయ్య మస్తాను సాహెబు చంక కిందనుంచి దూరి పరుగెత్తాడు. ఎదురుగా ఎవరూ లేరు. సరిగ్గా అప్పుడే తాసిల్దారుగారికి కాలు తిమ్మిరెక్కి కుర్చీలోంచి లేచారు. కచేరీ పక్షం పదకొండుమందీ ఉన్నచోట ఉన్నట్టు ఆగి, వంగి సలాములు చేశారు. మాలకొండయ్య కూడా రైతు బిడ్డేగా. తాసిల్దారు నిలబడి ఉండగా చంకలో ఏదో పెట్టుకుని పరుగెత్తడం పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చెయ్యలేదు. బంతిని కింద పెట్టి, రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

స్వాధీనదారు స్వచ్ఛందంగా విడిచిపెట్టిన వస్తువు కచేరీకి చెందుతుందని తాసిల్దారుగారు తీర్పు చెప్పారు. అది నిజాయితీగా చెప్పిన తీర్పే. అయితే తాను లేవడంవల్ల ఆటకు అంతరాయం కలిగిందని కూడా ఆయన అంతే నిజాయితీగా ఒప్పుకుని, ఇకమీదట ఆట సాగుతున్నంతసేపూ తాసిల్దారు కుర్చీ దిగరాదని తన మీద తానే ఒక ఉత్తర్వు జారీ చేసుకున్నారు. అప్పటినుంచి రెండు నెలలపాటు మంగళ శనివారాలు పదకొండు మొదలు అయిదు దాకా ఆయన కుర్చీలోనే ఉన్నారు. ఎంత బాధపడ్డారో ఏ రికార్డులోనూ లేదు.

కచేరీ పక్షానికి బంతి వచ్చింది గానీ ఏం చెయ్యాలో వాళ్లకు తోచలేదు. మూడు వాయిదాలూ మహజర్లతో గడిచిపోయి బంతి మళ్లీ మాలకొండయ్య దగ్గరికే వచ్చింది. ఈసారి పేరయ్య తాత వెనకనుంచి తోశాడు. దున్నపోతు తగాదాలో ఏడేళ్ల కసి ఆ తోపులో ఉంది. పొద్దువాలేసరికి మాలకొండయ్య అయిదు గజాలు గెలిచాడు. కరణం అడంగలు తెరిచి, మొదటి మడి స్వాధీనదారు చుండూరి మాలకొండయ్య అని రాసి, నాగలి బొమ్మ గీయించుకున్నాడు.

మాలకొండయ్య మోచేతులు గీరుకుపోయి, పంచె చిరిగి ఇంటికి చేరాడు. భార్య రవణమ్మ వేడినీళ్లు కాచి, మోచేతులకు పసుపు రాస్తూ, జరిగిందంతా చెప్పించుకుంది. బంతి కింద పెట్టి దండం పెట్టిన ముక్క దగ్గర పసుపు కాస్త గట్టిగా రాసింది. కరణం పేరు రాసుకున్నాడన్న ముక్క దగ్గర చెయ్యి ఆపింది.

"నీ పేరే రాశాడా? అడంగల్లోనా?"

"నాగలి గీశానుగా."

రవణమ్మ తెల్లవారకముందే ఎడ్లను విప్పి, గొర్రు కట్టి, ఆ అయిదు గజాల మడిలో జొన్న విత్తి వచ్చేసింది. వచ్చి మొగుడితో ఒకటే మాట చెప్పింది.

"ఇంక దేవుడే దిగొచ్చినా సరే, ఆ బంతి కింద పెట్టమాక."

శనివారంనాటికి మొలకలు సూదుల్లా పైకి వచ్చాయి. తాసిల్దారుగారు కుర్చీలోంచే వాటిని చూసి ఉలిక్కిపడ్డారు. ఆటస్థలంలో పైరేమిటని కరణాన్ని అడిగారు. స్వాధీనదారు తన స్వాధీనంలోని నేల విత్తుకోకూడదని ఎక్కడా లేదని కరణం నీళ్లు నమిలాడు. తాసిల్దారుగారు ఆలోచించారు. నిజమే, ఎక్కడా లేదు. పైపెచ్చు సాగులో ఉన్న పైరు తొక్కడం శిక్షార్హమైన నేరం. అందుచేత పైరు మొలిచిన మడిలో ఏ పక్షమూ అడుగుపెట్టకూడదని ఇంకొక ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉత్తర్వుతో కచేరీ పక్షం కొంప మునిగింది. బంతి వాళ్లకు వచ్చినా వెనక్కి తోసుకుపోవడానికి చోటు లేదు, ఎదురుగా పైరుంది. పైరు తొక్కితే తామే తమ మీద కేసు రాసుకోవాలి. బంతి దొరికినప్పుడల్లా మస్తాను సాహెబు దాన్ని ఒళ్లో పెట్టుకుని, మూడు వాయిదాలూ కూర్చుని, మూడు మహజర్లకు సంతకం పెట్టి, మర్యాదగా మాలకొండయ్యకు అప్పగించేవాడు. ఒక్కోసారి మోచేతులకు ఎలా ఉంది అని కూడా అడిగేవాడు.

ఇక మాలకొండయ్యకు ఆటంటే ఏమిటో తెలిసింది. ఇరవైరెండు మడుల్లో ఒక్కోటీ వాళ్ల తాత ఏరిన రాళ్లతో సహా గుర్తున్న నేల. మంగళవారం ఒక మడి గెలిస్తే బుధవారం రవణమ్మ విత్తేది. శనివారం గెలిస్తే ఆదివారం విత్తేది. కార్తీకంలో మళ్లీ ఒక వాన పడి పదును నిలిచింది. కొన్ని రోజుల్లో రెండేసి మడులు జరిగాయి, ఒక వారం మస్తాను సాహెబు భుజం దెబ్బకు మాలకొండయ్య మంచం పట్టి ఒక్క గజమూ జరగలేదు. అర్జీదార్లకు కూడా పంతం పట్టుకుంది. వసారాలో కూర్చుని కూర్చుని వంగిపోయిన నడుములు సాగాయి. పేరయ్య తాత కర్ర పారేశాడు. తన అర్జీ సంగతి ఎవరైనా అడిగితే, ఇప్పుడు తీరిక లేదు, సీజను నడుస్తోంది అని కసిరేవాడు. కచేరీలో మాత్రం మోకాళ్ల నొప్పులని సెలవు చీటీలు గుట్టపడ్డాయి. తాలూకాలో ఏ పనీ జరగడం లేదని పై కచేరీనుంచి ఒక్క ఫిర్యాదూ రాలేదు. తేడా ఎవరికీ తెలిసినట్టు లేదు.

మార్గశిరం వచ్చేసరికి చేను చూడముచ్చటగా ఉంది. ఊరివైపు మడిలో పైరు నడుమెత్తు, దాని పక్కది కాస్త తక్కువ, ఆ పక్కది ఇంకా తక్కువ, అలా మెట్లు మెట్లుగా కచేరీవైపు దిగుతూ వచ్చింది. ఇక ఒకే ఒక్క మడి మిగిలింది. మాలకొండయ్య రాత్రిళ్లు హాయిగా నిద్రపోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు తాసిల్దారుగారు పుస్తకంలో ఆఖరి పేజీ చదివారు.

చదివి మాలకొండయ్యను పిలిపించారు. ఆయన మొహంలో జాలి కూడా ఉంది. జాలిపడుతూనే గొంతు సవరించుకున్నారు.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ఇంతవరకు మీ పేర నమోదైన ఇరువదియొక్క మడులును తాత్కాలిక స్వాధీనములు. స్వాధీనదారు ఆఖరి గీత దాటి, ఆవలి నేలకు బంతిని స్వహస్తముతో తాకించిననే అవి ఖాయమగును. సీజను ముగియులోగా అట్లు జరుగని పక్షమున సమస్తమును రద్దయి, నేలయు అందలి పైరును క్లబ్బునకు చెందును."

మాలకొండయ్య సీజను ఎప్పుడు ముగుస్తుంది బాబూ అని అడిగాడు. కలెక్టరు దొరగారు సీజను ముగింపు స్వయంగా చూడడానికి వచ్చే శనివారం వేములబండలో మకాం చేస్తున్నారనీ, ఆనాటి మూడో వాయిదాతో సరి అనీ తెలిసింది. పైరు క్లబ్బుకు పోతే జొన్నచొప్ప ఎవరి గుర్రాలు తింటాయో కరణం చెప్పలేదు గానీ, అందరికీ తెలుసు.

ఆ శనివారం గట్టు నిండా డేరాలు. దొరగారు ఎత్తయిన కుర్చీలో కూర్చున్నారు, పక్కన ఇంకో కుర్చీలో తాసిల్దారుగారు, తన ఉత్తర్వు ప్రకారం కదలకుండా. ఆటస్థలమంతా పచ్చటి జొన్నచేను. కచేరీవైపు కొసన అయిదు గజాల మట్టి మాత్రం మిగిలి ఉంది, అందులో ఇరవైరెండుమంది ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటూ నిలబడ్డారు. దొరగారు ఒకసారి చేను వంకా, ఒకసారి మనుషుల వంకా చూసి ఏదో అడిగారు. తాసిల్దారుగారు సీజను నివేదిక అందించారు. రెండు వందల మహజర్లు. దొరగారు మొదటిది చదివారు, రెండోది చదివారు, తర్వాత తలెత్తి మెట్లు మెట్లుగా దిగిన పైరు వంక చూసి, నెమ్మదిగా కుర్చీ అంచుకు జరిగారు.

మొదటి వాయిదాలో మాలకొండయ్య ఒక గజం జరిగాడు. మహజరు. రెండో వాయిదాలో ఒక్క అంగుళం జరగలేదు, పేరయ్య తాత పన్ను ఒకటి ఊడింది, అదీ మహజరుకెక్కింది. గట్టు మీద రాళ్లకుప్ప దగ్గర రవణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

మూడో వాయిదా. కచేరీ పక్షం పదకొండుమందీ చేతులు చేతులు కలిపి గోడ కట్టారు. అర్జీదార్లు పదిమందీ మాలకొండయ్య వెనక చేరి, బురదలో దిగబడ్డ బండిని ఎత్తినట్టు భుజాలు ఆనించి తోశారు. మాలకొండయ్య వెళ్లి మస్తాను సాహెబు ఛాతీకి గుద్దుకున్నాడు. గోడ ఊగింది, పడలేదు. మస్తాను సాహెబు రెండు చేతులతో ఆయన నడుము పట్టేశాడు. ఇటునుంచి తోపు, అటునుంచి తోపు. కాళ్ల కింద మట్టి లేచింది. మాలకొండయ్యకు ఊపిరి అందలేదు. కళ్ల ముందు తాత కనబడ్డాడు, రాయి భుజాన పెట్టుకుని గట్టు ఎక్కుతూ.

అమెరికాలో ఇటువంటి ఆటలు ఎన్నో చూసిన దొరగారు ఇక ఆగలేకపోయారు. టోపీ గాల్లోకి విసిరేసి, ఇంగ్లీషులో పెద్దగా కేక పెట్టి, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

దొర నిలబడ్డాడు.

కచేరీ పక్షం పదకొండుమందీ పట్టుకున్న చేతులు వదిలేసి, అటు తిరిగి, నడుములు వంచి సలాములు చేశారు. మస్తాను సాహెబు అందరికన్నా ముందు వంగాడు, ఆయనది పాతికేళ్ల సర్వీసు. పట్టు వదిలేసరికి మాలకొండయ్య తూలుతూ వంగిన వీపుల నడుమనుంచి ఆరేడు అడుగులు ముందుకు పోయాడు. ఎందుకు ఎవరూ అడ్డురాలేదా అని వెనక్కి తిరిగి చూశాడు. సాక్షాత్తు కలెక్టరు దొరగారు నిలబడి తనవంకే చూస్తున్నారు.

మాలకొండయ్య గబుక్కున వంగి, బంతిని కింద పెట్టి, రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

పెట్టాక గుర్తొచ్చింది. గట్టు మీద రవణమ్మ కొంగుతో మొహం కప్పేసుకుంది. దేవుడు దిగొచ్చినా పెట్టొద్దన్న బంతి కిందే ఉంది. విడిచిపెట్టిన వస్తువు కచేరీది. ఆఖరి వాయిదా అయిపోయింది. ఇరవైయొక్క మడులూ, తాత ముప్ఫయ్యేళ్లూ ఒక్క దండంతో పోయాయి. జోడించిన చేతులు దించడానికి కూడా ఆయనకు శక్తి లేకపోయింది. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి.

తాసిల్దారుగారి గొంతు ఒక్కటే వినిపించింది, కుర్చీలోంచి, అలవాటుగా.

"కరణంగారూ, బంతి యెచ్చట నున్నదో కొలువుడు."

వల్లభయ్య గొలుసు పట్టుకుని వెళ్లాడు. వంగి చూశాడు. లేచి మాలకొండయ్య వంక ఒకసారి చూసి, మళ్లీ వంగి చూశాడు. ఇంకా ముందుందనుకున్న సున్నపు గీత బంతికి రెండు అడుగులు ఇవతల, చేను పక్కన ఉంది.

"గీత దాటి రెండడుగులండీ," అన్నాడు.

"నేలకు తాకినదా?"

"తాకిందండీ."

"స్వహస్తముతోనా?"

"అందరం చూశామండీ. దొరగారు కూడా చూశారండీ."

తాసిల్దారుగారు పుస్తకం ఆఖరి పేజీ మళ్లీ చదువుకున్నారు. అందులో దండం పెట్టడానికి తాకించరాదని ఎక్కడా లేదు. నిజాయితీపరుడు గనక, మొదటిరోజు తీర్పు ఎంత నిబ్బరంగా చెప్పారో ఇదీ అంతే నిబ్బరంగా చెప్పారు. మడులన్నీ ఖాయం. పేరయ్య తాత బోసినోటితో ఒక్క అరుపు అరిచాడు. అర్జీదార్లు మాలకొండయ్యను భుజాలకెత్తుకున్నారు. ఆయనకు విషయం పూర్తిగా తలకెక్కేసరికి ఊరంతా తిప్పి తీసుకొచ్చేశారు. మస్తాను సాహెబు వచ్చి, ఓడినవాళ్లు గెలిచినవాళ్లకు చెయ్యి ఇవ్వాలని పుస్తకంలో ఉందిలే అని, ఉందో లేదో గానీ, చెయ్యి ఇచ్చి ఊపాడు.

కరణం అడంగలు తెచ్చాడు. ఇరవైరెండు మడులకూ కలిపి ఒకే పేరు రాశాడు. ఆ తర్వాత గడి దగ్గర ఆగాడు. ఈ నేల ఎలా సంక్రమించింది అని రాయాలక్కడ.

"మా తాత రాళ్లేరిన నేల కరణంగారూ," అన్నాడు మాలకొండయ్య. "మా నాయన చదును చేశాడు. నేను దున్నుకుంటన్నా. అది రాయండి."

"దానికి గడి లేదయ్యా. క్లబ్బు కిందికి పోయినప్పుడే అదంతా కొట్టేశాం." కరణం కలం చెవిన పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. ఆలోచించి రాసేశాడు. ఆటలో గెలిచినది.

మాలకొండయ్య దాని పక్కన నాగలి బొమ్మ గీశాడు. వేములబండ కచేరీ అడంగల్లో ఆ ముక్క అలాగే ఉండిపోయింది. తర్వాత చాలా ఏళ్లకు ఆయన మనవళ్లకు సంబంధాలు చూడ్డానికి వచ్చినవాళ్లు అది చదివి, తాత జూదగాడేమోనని వెనకాడేవాళ్లు.

దొరగారు మాత్రం పరమానందభరితులై, ఆట వల్ల రైతులకు వ్యవసాయంలో అపారమైన ఉత్సాహం కలిగిందనీ, వచ్చే ఏడు జిల్లాలోని క్లబ్బులన్నీ వేములబండ పద్ధతినే అనుసరించాలనీ మద్రాసుకు రాశారు. ఆ సంగతి తెలిసి చుట్టుపక్కల తాలూకాల రైతులు బంతి ఎలా పట్టుకోవాలో చూపించమని మాలకొండయ్య ఇంటికి రావడం మొదలుపెట్టారు.

జొన్న కంకి పాలుపట్టే వేళకు పిట్టలు దిగాయి. మంచె కట్టడానికి వేరే గుంజలు అక్కర్లేకపోయింది. ఊరివైపు కొసన క్లబ్బువాళ్లు పాతిన రెండు గుంజలూ, నడుమ అడ్డకొయ్యా భేషుగ్గా ఉన్నాయి. వాటి మీద నాలుగు కర్రలు పరిచి రవణమ్మ వడిసెల పట్టుకుని ఎక్కి కూర్చుంది. పిట్టలను కొట్టి కొట్టి, కాస్త తెరిపిన పడ్డప్పుడు, కింద మొగుణ్ణి చూసి అంది.

"మీ తాత రాళ్లేరింది రాసుకోటానికి గడి లేదంట, నువ్వు దున్నింది రాసుకోటానికి లేదంట, నేను ఇత్తింది రాసుకోటానికీ లేదంట. నువ్వు పోయి పోయి దండం పెట్టింది మాత్రం రాసుకున్నారయ్యా."

మాలకొండయ్య నవ్వాడు. పనిలో ఉన్నాడు. గట్టు మీది కుప్పలోంచి తాత పేర్చిన రాళ్లను ఒక్కొక్కటే దించి, మోసుకొచ్చి, చాళ్ల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి పెడుతున్నాడు. పెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి, చేను తగినంత ఎగుడుదిగుడుగా కనబడుతోందా లేదా అని కచేరీవైపునుంచి చూసుకుంటున్నాడు.